ఇంటర్వెల్ దాకా వచ్చే సినిమా

బోధన్‌లో నానమ్మ ఇంట్లో పాత టీవీకి స్టిక్ పెట్టి, నాన్న ఫోన్ హాట్‌స్పాట్‌తో సినిమాలు చూస్తాం. మధ్యలో చక్రం తిరుగుడే. నాన్న కొత్త స్మార్ట్ టీవీ కొందామన్నారు. నానమ్మ మాత్రం "ఇంటర్వెల్ దాంక మంచిగనే అస్తది బిడ్డా" అంది. అక్కడే నాకు క్లూ దొరికింది.

ఫుల్ హెచ్‌డీకి సుమారు 5 ఎంబీపీఎస్ కావాలి. 8 బిట్లు ఒక బైట్ కాబట్టి గంటకి 5 × 3600 ÷ 8 = 2250 ఎంబీ. మా ప్యాక్ రోజుకి 2 జీబీ. అంటే దాదాపు 53 నిమిషాలకే ఖాళీ, ఆ తర్వాత స్పీడ్ పడిపోతుంది. కొత్త టీవీ కొన్నా ఇదే కథ!

క్వాలిటీని 480పీకి తగ్గించాను. సుమారు 1 ఎంబీపీఎస్, గంటకి 450 ఎంబీ. మూడు గంటల సినిమాకి 1350 ఎంబీ చాలు. ఆ రోజు నానమ్మ క్లైమాక్స్ చూసింది.

మీరూ ముందు నెట్ లెక్క చూడండి, తర్వాత స్టిక్, ఆఖరికే టీవీ.