పేరు కాదు, శక్తి చూడాలి: ల్యాప్‌టాప్, మౌస్ ఎంపికపై ఒక సలహా లేఖ



ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో చేరే విద్యార్థి కొనే ల్యాప్‌టాప్ నాలుగేళ్ల చదువుకు ఆధారం కావాలి, తీరిక వేళల్లో ఆటకూ పనికిరావాలి. ఈ రెండు అవసరాలకూ విరోధం లేదు. ఆటకు కావలసిన గ్రాఫిక్స్ శక్తే త్రీడీ నమూనాలకూ, వీడియో ఎడిటింగుకూ, మెషీన్ లెర్నింగ్ అభ్యాసాలకూ అక్కరకు వస్తుంది. అయితే నెల్లూరు జిల్లా కలిగిరి వంటి మెట్ట ప్రాంతంలో ఈ కొనుగోలును ఇంటి ఆదాయం నుంచి విడదీసి చూడడం సాధ్యం కాదు. పొగాకు రైతు నెలల తరబడి పెట్టుబడి పెట్టి, బ్యారన్ అనే ఆరబెట్టే గదిలో ఆకు క్యూరింగ్ చేసి, బేళ్లు కట్టి, కలిగిరిలోని పొగాకు బోర్డు వేలం కేంద్రానికి చేర్చిన తరువాతనే ఇంటికి పెద్ద మొత్తం వస్తుంది; ఆ మొత్తం అప్పులకూ, కౌలుకూ, తరువాతి పంటకూ, పిల్లల ఫీజులకూ సరిపోవాలి. అందువల్ల అందులోంచి ల్యాప్‌టాప్‌కు కేటాయించిన ప్రతి రూపాయికీ తగిన ఫలం దక్కాలి. అట్లా దక్కాలంటే యంత్రం మీద అతికించిన పేరును కాక, ఆ పేరు వెనుక ఉన్న అంకెలను చదవడం నేర్చుకోవాలి. ఈ లేఖ సారమంతా అదే.

యంత్రం కన్నా ముందు ఆటలను నిర్ణయించుకోవాలి. ప్రతి ఆటకూ దాన్ని తయారుచేసిన సంస్థ కనీస అవసరాలు, సిఫారసు చేసిన అవసరాలు అని రెండు జాబితాలు ప్రకటిస్తుంది. వీటినే సిస్టమ్ రిక్వైర్‌మెంట్స్ అంటారు. 2020లో విడుదలైన వాలొరంట్, 2023లో వచ్చిన కౌంటర్ స్ట్రైక్ 2 ఉచితంగా దొరికే పోటీ ఆటలు. వీటిలో వాలొరంట్ సాధారణ గ్రాఫిక్స్ మీద కూడా నడిచేలా రూపొందినది. 2015లో కంప్యూటర్‌కు వచ్చిన జీటీఏ 5 ఈనాటి మధ్యస్థ ల్యాప్‌టాప్ మీద సాఫీగా సాగుతుంది. 2020 చివర వచ్చిన సైబర్‌పంక్ 2077 వంటి కథాప్రధానమైన ఆటలు మాత్రం గ్రాఫిక్స్ శక్తిని పూర్తిగా పీల్చుకుంటాయి. విద్యార్థి నిజంగా ఆడే మూడు నాలుగు ఆటల జాబితా రాసుకుని, వాటిలో అన్నిటికన్నా బరువైనదాని సిఫారసు అవసరాలకు కొద్దిగా పైన నిలిచే యంత్రాన్ని ఎంచుకుంటే చాలు. ఎన్నడూ ఆడని ఆట కోసం పదిహేను ఇరవై వేలు అదనంగా పెట్టడం వృథా.

ఆట ల్యాప్‌టాప్‌లో అత్యంత ముఖ్యమైన భాగం గ్రాఫిక్స్ ప్రాసెసర్, అనగా జీపీయూ. సాధారణమైన ఫుల్ హెచ్‌డీ తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చొప్పున దాదాపు 20 లక్షల 74 వేల చుక్కలు ఉంటాయి; సెకనుకు 60 బొమ్మలు చూపాలంటే దాదాపు 12 కోట్ల 44 లక్షల చుక్కల రంగును ప్రతి సెకనూ లెక్కకట్టాలి. ప్రధాన ప్రాసెసర్‌లో శక్తిమంతమైన కోర్లు కొన్నే ఉంటాయి గనుక, ఈ పని కోసం వేల సంఖ్యలో చిన్న కోర్లు ఏకకాలంలో పనిచేసే జీపీయూను వాడతారు. ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 4050 ల్యాప్‌టాప్ చిప్‌లో ఇట్లాంటివి 2560 ఉన్నాయి. ఈ చిప్‌కు తోడుగా ఉండే ప్రత్యేకమైన మెమరీని వీ-ర్యామ్ అంటారు. ఆటలోని గోడలు, చెట్లు, ముఖాల బొమ్మలు అందులో నిలవ ఉంటాయి, అది చాలనప్పుడు ఆట ఉన్నట్టుండి తడబడుతుంది. ఆర్‌టీఎక్స్ 2050లో 4 జీబీ, 4050లో 6 జీబీ, 4060లో 8 జీబీ వీ-ర్యామ్ ఉంటుంది. నాలుగేళ్లు నిలవవలసిన యంత్రానికి 6 జీబీ కనీసమనీ, డబ్బు అందితే 8 జీబీ మేలనీ భావించవచ్చు.

అంగట్లో అట్ట మీద కనబడని అంకె మరొకటి ఉంది. జీపీయూకు ఎంత విద్యుత్తు అందేలా ల్యాప్‌టాప్ తయారీదారు ఏర్పాటు చేశాడో తెలిపే ఆ అంకెను టీజీపీ అంటారు, దాన్ని వాట్లలో కొలుస్తారు. ఆర్‌టీఎక్స్ 4050, 4060 చిప్‌లు రెంటికీ ఈ పరిమితి 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఉండవచ్చునని ఎన్‌విడియా ప్రకటించింది. పలచని ల్యాప్‌టాప్‌లో తక్కువ వాట్లతో బిగించిన 4060 కన్నా మందమైన ల్యాప్‌టాప్‌లో పూర్తి వాట్లు అందుకునే 4050 ఆటను మెరుగ్గా నడపగలగడానికి ఇదే కారణం. ఒకే కంపెనీ పేరున్న రెండు బోరు మోటార్లలో ఎన్ని హార్స్‌పవర్లో చూడకుండా ఏ రైతూ కొననట్టే, వాట్లు అడగకుండా ఏ విద్యార్థీ ఆట ల్యాప్‌టాప్ కొనకూడదు. ఆ అంకె తయారీదారు వెబ్‌సైటులోని పూర్తి వివరాల పట్టికలో ఉంటుంది. అమ్మే వ్యక్తి చెప్పలేకపోతే అక్కడే వెతకాలి.

గ్రాఫిక్స్ చిప్‌ల చరిత్రలో తెలుగువారి పాత్ర కూడా ఉందని విద్యార్థి తెలుసుకోవడం మంచిది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ చదివి, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎం.టెక్ పూర్తిచేసిన రాజా కోడూరి 2015లో ఏఎండీ సంస్థ రేడియాన్ గ్రాఫిక్స్ విభాగానికి సారథ్యం వహించి, 2017లో ఇంటెల్‌కు మారారు; 2022లో మార్కెట్టులోకి వచ్చిన ఇంటెల్ ఆర్క్ గ్రాఫిక్స్ చిప్‌లు ఆయన నాయకత్వంలో రూపుదిద్దుకున్నవే. ఆటలో కదిలే బొమ్మ ఎట్లా పుడుతుందని ప్రశ్నించుకునే విద్యార్థికి ఆ ఆట కూడా పాఠమే అవుతుంది.

ప్రధాన ప్రాసెసర్ విషయంలో పేరు చివరి అక్షరాన్ని చూడాలి. ఇంటెల్, ఏఎండీ రెంటిలోనూ యూ అక్షరం బ్యాటరీ పొదుపునూ, హెచ్ లేదా హెచ్‌ఎస్ అక్షరాలు అధిక వేగాన్నీ సూచిస్తాయి. ఆటకు హెచ్ తరగతి మధ్యస్థ ప్రాసెసర్ చాలు. ఖరీదైన ప్రాసెసర్‌కు పెట్టే అదనపు డబ్బును జీపీయూ మీద పెట్టడం వల్ల ఎక్కువ ప్రయోజనం కలుగుతుంది. ర్యామ్ 16 జీబీ ఉండాలి. ఒకే కార్డుగా కాక 8 జీబీ కార్డులు రెండుగా ఉంటే ప్రాసెసర్ రెండు దారుల్లో సమాచారం అందుకుంటుంది గనుక వేగం పెరుగుతుంది. ముందు 8 జీబీతో కొని తరువాత పెంచుకోదలచినవారు రెండో స్లాటు ఖాళీగా ఉందో, ర్యామ్ బోర్డుకే అతికించి ఉందో ముందే విచారించాలి. నిలవ కోసం ఎస్‌ఎస్‌డీ 512 జీబీ కనీసం. కౌంటర్ స్ట్రైక్ 2 ఒక్కదానికే 85 జీబీ చోటు కావాలని దాని తయారీదారు చెబుతున్నాడు.

తెర ఒక సెకనులో ఎన్నిసార్లు కొత్త బొమ్మ చూపగలదో తెలిపే సంఖ్యను రిఫ్రెష్ రేటు అంటారు, దాన్ని హెర్ట్‌జ్‌లలో కొలుస్తారు. 60 హెర్ట్‌జ్ తెర మీద ప్రతి బొమ్మ దాదాపు 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది, 144 హెర్ట్‌జ్ తెర మీద దాదాపు 7 మిల్లీసెకన్లే నిలుస్తుంది. పోటీ ఆటలో ప్రత్యర్థి మూల తిరిగి కనబడే క్షణాన ఈ తేడా ఉపకరిస్తుంది.

కలిగిరి, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలలో కొనేవారు వేడిని మరవకూడదు. మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే చోట, ల్యాప్‌టాప్ ఫ్యాన్ లోపలికి పీల్చుకునే గాలే వేడిగా ఉంటుంది. చిప్ వేడి పరిమితిని తాకినప్పుడు అది తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, దీన్నే థ్రాట్లింగ్ అంటారు. కాబట్టి రెండు ఫ్యాన్లూ, వెనుకా పక్కలా విశాలమైన గాలి దారులూ ఉన్న మందమైన ల్యాప్‌టాప్ ఇక్కడ మేలు. దాన్ని పరుపు మీద పెట్టకుండా, వెనుక భాగం కొద్దిగా ఎత్తులో ఉండేలా బల్ల మీద పెట్టాలి, ఫ్యాన్లలో చేరే దుమ్మును ఏటా శుభ్రం చేయించాలి. ల్యాప్‌టాప్ పూర్తి శక్తి చార్జర్ తగిలించి ఉన్నప్పుడే అందుతుంది; బ్యాటరీ మీద జీపీయూ వాట్లు బాగా తగ్గిపోతాయి. కరెంటు పోయి తిరిగి వచ్చేటప్పుడు హెచ్చు వోల్టేజీ తాకకుండా సర్జ్ రక్షణ ఉన్న బోర్డు వాడాలి, మూడు పిన్నుల ప్లగ్గుకు ఎర్తింగ్ సరిగా ఉందో ఎలక్ట్రీషియన్ చేత చూపించాలి. ఎండాకాలంలో నేల ఎండిపోయినప్పుడు ఎర్తింగ్ గుంతలో నీళ్లు పోయడం కూడా అవసరమే. వైఫై రౌటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టుకుంటే కరెంటు పోయినా నెట్ నిలుస్తుంది.

మౌస్ ఖరీదు తక్కువ కావడం వల్ల దాన్ని చాలామంది చివరి నిమిషంలో ఎంచుకుంటారు, కానీ చేతికీ ఆటకూ మధ్య ఉన్న ముఖ్యమైన వారధి అదే. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ బృందం 1964లో చెక్కతో తయారుచేసి, 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో బహిరంగంగా ప్రదర్శించిన మౌస్ చక్రాల మీద నడిచేది. నేటి మౌస్ కింద ఉండే సెన్సర్ బల్ల ఉపరితలాన్ని సెకనుకు వేలసార్లు చిత్రిస్తూ, ఒక చిత్రానికీ మరో చిత్రానికీ ఉన్న తేడాను బట్టి కదలికను లెక్కిస్తుంది. మౌస్‌ను ఒక అంగుళం జరిపితే ఎన్ని లెక్కలు నమోదవుతాయో చెప్పే సంఖ్యను డీపీఐ అంటారు. 800 డీపీఐ వద్ద, సాధారణ సెట్టింగులో, 1920 చుక్కల తెరను దాటడానికి మౌస్ 2.4 అంగుళాలు జరిగితే చాలు. కనుక 20 వేలు, 30 వేలు అని అట్ట మీద రాసిన డీపీఐ అంకెలకు డబ్బు పెట్టవలసిన పని లేదు. చూడవలసిన అంకె పోలింగ్ రేటు. మౌస్ తన స్థానాన్ని కంప్యూటర్‌కు సెకనుకు ఎన్నిసార్లు తెలుపుతుందో అది చెబుతుంది. ఆఫీసు మౌస్‌లలో సాధారణమైన 125 హెర్ట్‌జ్ అంటే 8 మిల్లీసెకన్లకొకసారి, ఆట మౌస్‌లలో ఉండే 1000 హెర్ట్‌జ్ అంటే మిల్లీసెకనుకొకసారి.

మౌస్ బరువూ, ఆకారమూ చేతికి సరిపోవాలి. అరచేయి మొత్తం ఆనించి పట్టేవారికి వీపు ఎత్తైన మౌస్, వేళ్లను వంచి గోటిపట్టుగా పట్టేవారికి చిన్న మౌస్, వేలికొసలతోనే జరిపేవారికి తేలికైన మౌస్ అనుకూలం. దాదాపు 85 గ్రాముల బరువు, 8000 డీపీఐ, 1000 హెర్ట్‌జ్ పోలింగ్ ఉన్న లాజిటెక్ జీ102 వంటి వైరు మౌస్ విద్యార్థి అవసరానికి సంపూర్ణంగా సరిపోతుంది. వైర్లెస్ కావాలంటే బ్లూటూత్‌ను కాక, యూఎస్‌బీ రిసీవర్‌తో వచ్చే 2.4 గిగాహెర్ట్‌జ్ రకాన్ని తీసుకోవాలి. బ్లూటూత్‌లో ఆలస్యం ఎక్కువ. గాజు బల్ల మీద సాధారణ సెన్సర్ తడబడుతుంది గనుక ఒక గుడ్డ మౌస్‌ప్యాడ్ తప్పనిసరి. మొత్తం 70 వేలు అనుకుంటే 66 వేలు ల్యాప్‌టాప్‌కూ, మిగిలిన నాలుగు వేలు మౌస్, ప్యాడ్, సర్జ్ బోర్డు, స్టాండులకూ ముందే విడదీసి ఉంచడం క్షేమం.

కొనుగోలుకు కావలి, నెల్లూరు దుకాణాలను ముందుగా చూసి, ధరలను ఆన్‌లైన్‌తోనూ, చెన్నై రిచీ స్ట్రీట్‌తోనూ, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌తోనూ పోల్చుకోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం ఇంటికి వచ్చి బాగుచేసే ఆన్‌సైట్ వారంటీ కలిగిరి పిన్‌కోడుకు వర్తిస్తుందో లేదో కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెలుసుకోవడం. సీరియల్ నంబరు రాసిన జీఎస్టీ బిల్లు తప్పక తీసుకోవాలి; లోపం ఎదురై అమ్మకందారు స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పుకోవచ్చు, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొనుగోలుదారు తాను నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. నో కాస్ట్ ఈఎంఐలో వడ్డీకి సరిపడే తగ్గింపు ఇచ్చినా, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ రుసుము పడవచ్చు. కోర్సుకు కంప్యూటర్ అవసరమైనప్పుడు సహేతుకమైన ధరను బ్యాంకుల విద్యారుణంలో చేర్చే వీలుంది గనుక, లోన్ యాప్‌ల జోలికి పోకుండా బ్యాంకు మేనేజరును అడగడం ఉత్తమం.

చివరిగా, ఆటకూ పందేనికీ ఉన్న గీత చెరిగిపోకూడదు. ఆన్‌లైన్ జూదాన్ని ఆంధ్రప్రదేశ్ 2020లోనే గేమింగ్ చట్ట సవరణ ద్వారా నిషేధించింది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం డబ్బు పందేల ఆటలను నిషేధిస్తూనే ఈ-స్పోర్ట్స్‌ను గుర్తించింది. నైపుణ్యంతో ఆడే ఆట చదువుకు చేటు కాదు, డబ్బు పెట్టి ఆడే ఆట ఇంటికే చేటు.

వాట్లు, వీ-ర్యామ్, రిఫ్రెష్ రేటు, పోలింగ్ రేటు, వారంటీ అనే ఈ అయిదింటినీ ఒక కాగితం మీద రాసుకుని, ప్రతి దుకాణంలోనూ అవే ప్రశ్నలు అడిగి, జవాబులు పక్కపక్కన నమోదు చేసుకున్న విద్యార్థిని మెరిసే లైట్లూ, పెద్ద పెద్ద పేర్లూ మోసగించలేవు. తల్లిదండ్రులకు లెక్క చెప్పగలిగేలా కొన్న వస్తువు నాలుగేళ్లు నిలుస్తుంది. అట్లా కొనడం నేర్చిన విద్యార్థికి రేపు ఉద్యోగంలోనూ, ఇంటి నిర్వహణలోనూ అదే తీరు తోడవుతుంది.

ఇట్లు,
ఆశీస్సులతో తాతయ్య
కలిగిరి