సదస్సుకో యాప్: ఏజెన్సీకి ఏమివ్వాలి, ఏది చేతిలో ఉంచుకోవాలి

డాక్టర్ల సంఘం రాష్ట్ర సదస్సంటే మూడు రోజులు, నాలుగు హాళ్లు, వందల్లో ప్రసంగాలు, పోస్టర్లు, మందుల కంపెనీల స్టాళ్లు, ముందురోజు వర్క్‌షాపులు. ఇదంతా ఒకప్పుడు కిట్ బ్యాగులో పెట్టిచ్చే లావుపాటి పుస్తకంలో ఉండేది. పుస్తకం అచ్చుకెళ్లిన మర్నాడే ఫలానా ప్రొఫెసర్ గారు రావట్లేదని ఫోనొచ్చేది. ఇప్పుడు ఆర్గనైజింగ్ కమిటీ మొదటి మీటింగులోనే ఎవరో ఒకరు "ఈసారి యాప్ పెట్టేద్దాం" అంటారు. అందరూ తలూపుతారు. పని మాత్రం కమిటీలో వయసులో చిన్నవాళ్లెవరో వాళ్ల నెత్తిన పడుతుంది. ఇంజినీర్ల సదస్సయినా, ఆడిటర్లదైనా ఇదే వరస. డాక్టర్లది తీసుకుంటే అన్ని చిక్కులూ ఒకేచోట కనిపిస్తాయి కాబట్టి దాన్నే పట్టుకుని చెబుతాను.

ముందు, అసలు యాప్ కావాలా? ఒకే హాలు, ఒకే రోజు, రెండొందల మంది అయితే అక్కర్లేదు. ప్రోగ్రాం పీడీఎఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టి, గోడల మీద క్యూఆర్ కోడ్ అంటిస్తే సరిపోతుంది. ఒకే సమయంలో నాలుగు హాళ్లు నడిచేచోట, గంటగంటకూ మార్పులు జరిగేచోట, ఎవరు హాజరయ్యారో లెక్క తేలాల్సినచోట యాప్‌కి పనుంటుంది. డాక్టర్లకు ఆ లెక్క మరీ ముఖ్యం. 2002 నాటి వైద్య నైతిక నియమావళి ప్రకారం ప్రతి డాక్టరూ ఐదేళ్లలో కనీసం 30 గంటల సీఎంఈ (నిరంతర వైద్య విద్య) పూర్తి చేయాలి. సదస్సుకి ఆ క్రెడిట్ గంటలు మంజూరు చేసేది రాష్ట్ర మెడికల్ కౌన్సిల్. రిజిస్ట్రేషన్ కౌంటర్ దగ్గర భోజనాల సంగతి తర్వాత ఎక్కువగా వినపడే ప్రశ్న "క్రెడిట్ అవర్స్ ఎన్ని?" అన్నదే.

కావాలనుకున్నాక మూడు దారులున్నాయి. సీవెంట్ లాంటి రెడీమేడ్ వేదికలో మన సదస్సుకి చోటు కొనుక్కోవడం ఒకటి. ఏజెన్సీ దగ్గర ఇప్పటికే నడుస్తున్న యాప్‌కి మన పేరు, మన రంగులు వేయించుకోవడం రెండోది. మొదటి అక్షరం నుంచీ కొత్తగా రాయించుకోవడం మూడోది. ఏడాదికోసారి మూడు రోజులు వాడేదానికి మూడో దారి తొక్కడం నా దృష్టిలో దండగ. లాగిన్, నోటిఫికేషన్ లాంటి పాత సమస్యలకే మళ్లీ డబ్బు పోస్తాం, అందులోని లోపాలన్నీ సరిగ్గా ప్రారంభోత్సవం రోజున బయటపడతాయి. సభ్యత్వం, జర్నల్, జిల్లా శాఖల మీటింగులు అన్నీ ఏడాది పొడవునా ఒకే యాప్‌లో నడపాలని సంఘం నిశ్చయించుకుంటే అది వేరే సంగతి.

ఏజెన్సీలను పిలవడానికి ముందు రెండు పేజీల కాగితం రాసుకోవాలి. చాలామంది ఇక్కడ ఫీచర్ల చిట్టా రాస్తారు: చాట్, క్విజ్, లైవ్ పోల్, ఫోటో గ్యాలరీ. చిట్టా ఇస్తే వచ్చిన ప్రతి ఏజెన్సీ ప్రతి వరుసకీ "ఉంది" అనే రాస్తుంది. దానికి బదులు మనుషుల్ని రాయాలి. పొద్దున ఎనిమిదిన్నరకి కౌంటర్ ముందు నిలబడ్డ డెలిగేట్ ఏం చేయాలి? ప్రసంగించే ఫ్యాకల్టీకి తన హాలు, సమయం, చైర్‌పర్సన్ పేరు ఎక్కడ కనపడాలి? స్టాల్లో కూర్చున్న కంపెనీ కుర్రాడికి ఏం తెలియాలి, ఏం తెలియకూడదు? ఆఖరి నిమిషంలో మార్పు ఎవరు చేస్తారు, ఎక్కడ కూర్చుని చేస్తారు? వీటితోపాటు డెలిగేట్ల అంచనా సంఖ్య, హాళ్లెన్ని, సదస్సు తేదీ, దానికి కనీసం మూడు వారాల ముందే యాప్ స్టోర్లలో ఉండాలన్న షరతు రాస్తే చాలు.

డెమోకి వచ్చినప్పుడు వాళ్ల స్లైడ్లు చూడనక్కర్లేదు. కిందటేడు మన ప్రోగ్రాంలో ఒక పూట తాలూకు ఎక్సెల్ షీటు ముందే పంపి, దాన్ని ఎక్కించుకుని రమ్మనాలి. వచ్చాక ఒకే పని చెప్పాలి: "హాల్-ఎలో 11.20కి ఉన్న ప్రసంగం హాల్-బికి మారింది, చైర్‌పర్సన్ కూడా మారారు. చేసి చూపించండి." బల్లమీద రెండు ఫోన్లు పెట్టుకోవాలి, ఒకటి ఆండ్రాయిడ్, ఒకటి ఐఫోన్. ల్యాప్‌టాప్‌లో మార్చగానే ఫోన్లలో మారిందా? ఆ ప్రసంగాన్ని గుర్తు పెట్టుకున్నవాళ్లకే కబురు వెళ్లిందా, ఊరందరికీ వెళ్లిందా? హాల్-ఎలో దాని చోటు ఖాళీ అయిందా, రెండుచోట్లా కనపడుతోందా? "చిటికెలో అయిపోతుంది సార్, మా టీమ్‌కి ఒక మెయిల్ పెడితే చాలు" అన్నారంటే మార్పు చేసే వీలు మన చేతిలో లేదన్నమాట. ఆదివారం పొద్దున వాళ్ల టీమ్ మెయిల్ చూసేదాకా ఆ ప్రసంగం హాల్-ఎలోనే ఉంటుంది.

పాత ఖాతాదారులతో మాట్లాడేటప్పుడు "యాప్ బాగుందా?" అని అడిగితే బాగుందనే అంటారు. సదస్సు మధ్యలో ఏది ఆగిపోయింది, అప్పుడు ఫోనెత్తింది ఎవరు అని అడగాలి. రేట్ల విషయంలో అందరితోనూ ఒకే నమూనాలో కొటేషన్ రాయించాలి. తక్కువ రేటు వేసినవాళ్లు చాలాసార్లు ఎస్‌ఎంఎస్ ఖర్చు, సదస్సు రోజుల్లో వేదిక దగ్గర కూర్చునే మనిషి ఖర్చు, 18 శాతం జీఎస్టీ బయట పెట్టే వేస్తారు. టీడీఎస్ ఎంత కోయాలో సంఘం ఆడిటర్‌ని ముందే అడిగి ఉంచుకోవాలి.

ఇక ఒప్పందం. డబ్బిచ్చాం కాబట్టి యాప్ మనదేనన్న ధీమా మనవాళ్లకి ఎక్కువ. 1957 కాపీరైట్ చట్టం అలా అనదు. ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా రాసిన ప్రోగ్రాంకి హక్కుదారు యజమాని. బయటి ఏజెన్సీ రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు ఏజెన్సీ దగ్గరే ఉంటుంది. అది మనకు రావాలంటే రాతపూర్వకంగా, సంతకంతో బదిలీ చేయించుకోవాలి. ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లకనీ, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకేననీ చట్టం లెక్కగడుతుంది. రెండో దారిలో వెళ్తే ఏజెన్సీ తన మూల యాప్ మీద హక్కులివ్వదు. ఇవ్వమనడం న్యాయం కూడా కాదు. మన డిజైన్, మన సమాచారం, వాటిని వాడుకునే రూపంలో తిరిగి తెచ్చుకునే హక్కు మాత్రం కాగితం మీద ఉండాలి.

అంతకన్నా ముఖ్యం యాప్ స్టోర్లలో ఖాతాలు ఎవరి పేరున ఉన్నాయన్నది. ఏజెన్సీ తన డెవలపర్ ఖాతాలోనే మన యాప్ పెట్టేస్తానంటుంది, మనకీ హాయిగా అనిపిస్తుంది. మన డబ్బుతో ఇల్లు కట్టించి రిజిస్ట్రేషన్ మేస్త్రి పేరున చేయించినట్టే అది. వచ్చే ఏడు ఏజెన్సీని మార్చాలనుకుంటే పాత డెలిగేట్ల ఫోన్లలో ఉన్న యాప్ మనకు అక్కరకు రాదు. పైగా ఒకే అచ్చులో పోసిన యాప్‌లను, వాటిలోని సమాచారం ఎవరిదో వాళ్లే నేరుగా సమర్పించాలని ఆపిల్ 2017లోనే నియమం పెట్టింది.

సంస్థ పేరున ఆపిల్ ఖాతా తెరవాలంటే డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ ఇచ్చే తొమ్మిదంకెల డన్స్ నంబరు కావాలి. గూగుల్ ప్లేలో సంస్థ ఖాతాకీ అదే అడుగుతారు. ఇక్కడే చాలా కమిటీలు ఇరుక్కుంటాయి. "ఫలానా సదస్సు ఆర్గనైజింగ్ కమిటీ" పేరున బ్యాంకు ఖాతా ఉండొచ్చు గానీ, అది రిజిస్టరైన సంస్థ కాదు. రిజిస్టరైంది మాతృసంఘం. సొసైటీ సర్టిఫికెట్ మీద పేరు ఎలా ఉందో డన్స్ నంబరులోనూ, ఖాతాలోనూ అక్షరం తేడా లేకుండా అలాగే ఉండాలి. పేరు చివర "బ్రాంచ్" అన్న మాట ఒకచోట ఉండి ఇంకోచోట లేకపోయినా ఉత్తరప్రత్యుత్తరాలతో రోజులు గడిచిపోతాయి. ఈ గొడవెందుకు, నా సొంత జీమెయిల్‌తో తెరిచేద్దామని ఎవరో ఒకరు ముందుకొస్తారు. 2023 నవంబరు తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకు గూగుల్ ఒక మెలిక పెట్టింది. కనీసం 12 మంది వరుసగా 14 రోజులు యాప్‌ని పరీక్షించాకే అందరికీ విడుదల చేసే అనుమతి కోరాలి. ఖర్చు పెద్దదేం కాదు. ఆపిల్‌కి ఏటా 99 డాలర్లు, గూగుల్‌కి ఒక్కసారి 25. పట్టేదల్లా సమయం. అందుకే ఏజెన్సీ ఖరారు కాకముందే ఈ అర్జీలు పెట్టేయాలి.

ఇలాంటిదే ఇంకొకటి ఓటీపీ. లాగిన్ కోసం ఫోన్‌కి ఎస్‌ఎంఎస్ రావాలంటే టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం పంపేవాళ్లు టెలికం కంపెనీల డీఎల్‌టీ పోర్టల్లో నమోదై, పంపేవారి పేరుగా కనిపించే హెడర్‌కీ, పంపబోయే వాక్యానికీ ఆమోదం తీసుకోవాలి. ఆమోదించిన వాక్యానికీ పంపిన వాక్యానికీ పొంతన లేకపోతే మెసేజ్ దారిలోనే ఆగిపోతుంది. తెర మీద "ఓటీపీ పంపాం" అని ఉంటుంది, ఫోన్ మాత్రం మోగదు. ఈ నమోదు కూడా సంఘం పేరునే జరగాలి.

డెలిగేట్ల పేర్లు, ఫోన్ నంబర్లు, రిజిస్ట్రేషన్ నంబర్లు ఏజెన్సీ చేతికి వెళ్తున్నాయి కాబట్టి 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టాన్నీ గమనించుకోవాలి. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, బాధ్యతలు దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. డేటాను బయటివాళ్లతో నడిపించినా జవాబుదారీ సంఘానిదే. భద్రతా చర్యలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల దాకా ఉండొచ్చు. స్టాళ్లవాళ్లు బ్యాడ్జి స్కాన్ చేస్తే డెలిగేట్ నంబరు వాళ్లకి వెళ్లిపోయే ఏర్పాటు ఉంటే, ఆ డెలిగేట్ ఒప్పుకున్నాడా అన్నది యాప్ అడిగి తీరాలి.

ఒప్పందం మీద సంతకాలయ్యాక ఏజెన్సీ పని మొదలవుతుందని అందరూ అనుకుంటారు. నిజానికి మొదలయ్యేది మన పని. ప్రోగ్రాం షీటు సైంటిఫిక్ కమిటీ నుంచి ఎలా వస్తుందో ఒకసారి చూడండి. ప్రారంభ ప్రసంగంలో "డాక్టర్ కె.ఎస్. రావు", ప్యానెల్ చర్చలో "కె. సుబ్బారావు", శనివారం చైర్‌పర్సన్ల వరుసలో "సుబ్బారావు కె.". యాప్‌కి వీళ్లు ముగ్గురు మనుషులు. ఆయన తన పేరు నొక్కితే మూడు పనుల్లో ఒకటే కనపడుతుంది, మిగతా రెండింటికీ రారు. సమయం గడిలో ఒకచోట "2.00", ఒకచోట "14:00", ఇంకోచోట "లంచ్ తర్వాత". ఒకే గడిలో నలుగురు ప్యానెలిస్టుల పేర్లు కామాలతో. ఇద్దరి డిగ్రీల మధ్య కూడా కామాలే, ఏది పేరో ఏది పట్టానో షీటుకి తెలియదు.

దీనికి మందు సాదాసీదాదే. మనుషులకో షీటు, ప్రసంగాలకో షీటు. ప్రతి మనిషికీ ఒక కోడ్, ప్రతి ప్రసంగానికీ ఒక కోడ్. ప్రసంగాల షీటులో పేర్లు రాయకుండా మనిషి కోడ్ వేయాలి. ప్రసంగం హాలు మారినా, రోజు మారినా దాని కోడ్ మారకూడదు. మారితే దాన్ని గుర్తు పెట్టుకున్నవాళ్ల జాబితాలోంచి అది మాయమైపోతుంది. ఈ షీటు మీద చేయి వేసే హక్కు ఒక్కరికే ఉండాలి. సైంటిఫిక్ చైర్మన్ గారు ఎంత పెద్దవారైనా సరే, మార్పు ఆయన చెప్పాలి, వేసేది ఆ ఒక్కరే. నలుగురు నాలుగు కాపీలు పెట్టుకుని "ఫైనల్", "ఫైనల్ కొత్తది" అని వాట్సాప్‌లో తిప్పుకునే సంఘానికి ఏ ఏజెన్సీ వచ్చినా చేసేదేం లేదు.

తయారీ నడుస్తుండగా మనం చూడాల్సింది రంగులు కాదు. యాప్‌ని ఒకసారి తెరిచి, ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ప్రోగ్రాం కనపడుతోందా అన్నది చూడాలి. వందలమంది ఒకేసారి చేరితే హోటల్ వైఫై చేతులెత్తేస్తుంది, సెల్లార్ హాళ్లలో సిగ్నల్ ఉండదు. నాలుగేళ్ల పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకుని చూడాలి, సీనియర్ డాక్టర్లు అలాగే చూస్తారు. ఆహ్వానమో, సాంస్కృతిక కార్యక్రమమో తెలుగులో ఉంటే ఒత్తులతో, దీర్ఘాలతో సహా రెండు రకాల ఫోన్లలోనూ చదవాలి. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" కూర్పు ఒకటి తెర మీదకొస్తే చాలు ఐఫోన్‌లో ఆ యాప్ కుప్పకూలేది. 11.2.6 అప్‌డేట్‌తో ఆపిల్ దాన్ని సరిచేసింది. ఇప్పుడు అంత ఘోరం జరగకపోయినా, ఒత్తులు సగం తెగి కనపడే ఫాంట్లు ఇంకా తగులుతూనే ఉన్నాయి.

స్టోర్‌కి పంపేటప్పుడు తిరస్కరణలు ఎక్కువగా చిన్న విషయాల దగ్గరే వస్తాయి. లాగిన్ ఉన్న యాప్‌ని పరిశీలించే మనిషి మన ఓటీపీని అందుకోలేడు. మారని ఓటీపీతో ఒక నమూనా ఖాతా ఇవ్వాలి. యాప్‌లో ఖాతా తెరిచే వీలుంటే, అక్కడే దాన్ని తొలగించుకునే వీలూ ఉండాలని 2022 జూన్ 30 నుంచి ఆపిల్ నియమం. రిజిస్ట్రేషన్ ఫీజు యాప్‌లో కట్టించుకుంటే ఆపిల్ కమీషన్ పడుతుందేమోనని కొందరు భయపడతారు. మనిషి స్వయంగా హాజరయ్యే కార్యక్రమానికి మన పేమెంట్ గేట్‌వేనే వాడాలి, ఆ కమీషన్ దీనికి వర్తించదు. ఏటా కొత్త యాప్ పెట్టకుండా, ఒకే యాప్‌లో ఏడాదికో సదస్సు చేర్చుకుంటూ పోతే వచ్చేసారి ఈ తతంగం చాలావరకు తప్పుతుంది.

సదస్సు రోజుల్లో ఏజెన్సీ మనిషి ఒకరు వేదిక దగ్గరే ఉండాలి, ఫోన్‌లో కాదు. నోటిఫికేషన్ పంపే అధికారం మళ్లీ ఒక్కరికే. స్పాన్సర్లు అడిగిన ప్రతిదానికీ మోగిస్తే మధ్యాహ్నానికల్లా డెలిగేట్లు నోటిఫికేషన్లు ఆపేస్తారు, ఆ తర్వాత హాలు మారిన కబురు ఎవరికీ అందదు. హాజరు క్యూఆర్ ఫోన్‌లోనే కాక మెడలో బ్యాడ్జి మీద కూడా అచ్చవ్వాలి, చార్జింగ్ అయిపోయినవాళ్ల క్రెడిట్ గంటలు పోకుండా. స్కాన్ చేసే ఫోన్లు నెట్ లేకపోయినా లెక్క దాచుకుని తర్వాత పంపగలగాలి. ప్రతి హాలు గుమ్మం దగ్గరా ఆ రోజు ప్రోగ్రాం కాగితం ఒకటి అంటించి ఉంచితే నామోషీ ఏమీ లేదు.

చివరి వాయిదా, నా లెక్కలో మొత్తంలో 20 శాతం, సదస్సు అయ్యాకే ఇవ్వాలి. అదీ హాజరు జాబితా మెడికల్ కౌన్సిల్ అడిగిన రూపంలో అందాక, ఒప్పుకున్నంత మేరకు సోర్స్ కోడ్, సంతకపు కీలు, నోటిఫికేషన్లు నడిపే ఫైర్‌బేస్ ప్రాజెక్టు సంఘం ఖాతాలోకి వచ్చాక, తమ దగ్గరున్న డెలిగేట్ల వివరాలు చెరిపేశామని ఏజెన్సీ రాసిచ్చాక. ఖాతాల్లోంచి ఏజెన్సీ వాళ్ల ప్రవేశం తీసేసి, వచ్చే ఏడు సెక్రటరీ మెయిల్ చేర్చాలి. ఆపిల్‌కి ఏటా కట్టే ఫీజు గడువు సంఘం కోశాధికారి డైరీలో ఉండాలి. అది కట్టకపోతే యాప్ స్టోర్‌లోంచి మాయమవుతుంది, ఆ సంగతి వచ్చే సదస్సుకి నెలరోజుల ముందు గానీ ఎవరికీ తెలియదు.