డిప్రెషన్ మాత్రతో కన్ను దెబ్బతింటే

ప్రశ్న: డిప్రెషన్‌కు మాత్రలు మొదలుపెట్టిన కొద్దిరోజులకే మా అమ్మకు కన్ను ఎర్రబడి, భరించలేని నొప్పి, వాంతులు వచ్చాయి. దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తున్నాయంది. మందు రాసిన డాక్టరుకు ఫోన్ చేస్తే మైగ్రేన్ అన్నారు. తర్వాత కంటి ఆసుపత్రిలో గ్లకోమా అని తేలింది. ఆ కంటిచూపు చాలావరకు పోయింది. కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. ఈ మందుల్లో కొన్ని కనుపాపను పెద్దది చేస్తాయి. కంట్లో ద్రవం బయటికి పోయే దారి ముందే ఇరుకుగా ఉన్నవారికి అది మూసుకుపోయి, ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. అరుదే, కానీ వస్తే గంటల్లో చికిత్స అందాలి.

మందు వికటించిందన్న ఒక్క కారణంతో పరిహారం రాదు. ముందే చెప్పారా, బాధ చెప్పుకున్నప్పుడు పట్టించుకున్నారా అన్నవే మీ కేసుకు ప్రాణం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 22 ప్రకారం, మందుకు ఉన్నట్టు తెలిసిన దుష్ప్రభావాలను అర్థమయ్యే భాషలో తెలుసుకునే హక్కు రోగికి ఉంది. ‘రాత్రిపూట ఒకటి’ అని చీటీ చేతిలో పెడితే ఆ బాధ్యత తీరదు. ఒక్క మాట చెప్పి ఉంటే మీరు ఆ పూటే కంటి ఆసుపత్రికి పరిగెత్తేవారు.

అయితే మరీ అరుదైన ప్రమాదాలు వివరించనక్కర్లేదని సమీరా కోహ్లి కేసులో 2008లో సుప్రీంకోర్టు అన్న మాటను అవతలి లాయరు ఎత్తుతారు. అందుకే మీ అసలు బలం ఆ ఫోన్ కాల్‌లో ఉంది. అలాంటి లక్షణాలు విని, మనిషిని చూడకుండానే మైగ్రేన్ అనేయడం సగటు నైపుణ్యమున్న డాక్టరు చేసే పనేనా? వినియోగదారుల కమిషన్ తూచేది దీన్నే. కాల్ వివరాలు, వాట్సాప్ సందేశాలు చెరిపేయకండి.

మందు తయారుచేసిన కంపెనీ మీద గెలవడం కష్టం. డాక్టరు పర్యవేక్షణలో వాడే మందుకు హెచ్చరిక డాక్టరుకు సక్రమంగా అందించి ఉంటే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 87 దానికి మినహాయింపు ఇస్తోంది.

చికిత్స రికార్డులు రాతపూర్వకంగా అడగండి, 72 గంటల్లో ఇవ్వాలి. ప్రతి కేసులోనూ నిపుణుడి అభిప్రాయం అక్కర్లేదని, హైదరాబాద్ ఆసుపత్రికి సంబంధించిన వి.కిషన్‌రావు కేసులో 2010లో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా మీరు కంటి డాక్టరు అభిప్రాయం తీసుకోండి, కారణం మాత్రేనని నిలబెట్టేది అదే. రెండేళ్లలోగా మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. అందరికీ పూర్తి ఉచితంగా చూసే ఆసుపత్రి అయితే సివిల్ కోర్టుకు వెళ్లాలి. ఈ దుష్ప్రభావాన్ని, మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే హెల్ప్‌లైన్ 1800-180-3024కు కూడా తెలపండి.

అన్నిటికంటే ముందు అమ్మగారి రెండో కన్ను వెంటనే చూపించండి, దానికీ ఇదే ముప్పు ఉంటుంది. లేజర్‌తో నివారించవచ్చు. డిప్రెషన్ మందు మీరే ఆపేయకండి, ఏది మార్చాలో కంటి డాక్టరూ సైకియాట్రిస్టూ మాట్లాడుకుని చెబుతారు.