కాళ్లు కడిగి గుర్తుపట్టిన దాది – యురిక్లియా

గ్రీకు పురాణాలు అనగానే జ్యూస్, హెర్క్యులిస్ లాంటి పెద్ద పేర్లే చెప్పుకుంటాం. నేను ఈసారి ఒక ముసలి దాది గురించి రాస్తున్నాను. ఆమె పేరు యురిక్లియా. హోమర్ మహాకవి 'ఒడిస్సీ'లో ఈమె కనిపిస్తుంది.

ఆమె ఎవరు?

ఇథాకా దీవిలో లేర్టీస్ అనే రాజు ఆమెను చిన్న వయసులోనే 20 ఎడ్ల విలువ ఇచ్చి కొన్నాడు. అంటే జీతానికి వచ్చిన మనిషి కాదు, బానిస. అయినా ఆమె తండ్రి పేరు ఓప్స్ అని కవి మరువకుండా చెప్పాడు. రాజు కొడుకు ఒడిస్సియస్‌కు పాలిచ్చి పెంచింది ఈమే. అతని కొడుకు టెలిమాకస్‌ను పెంచిందీ ఈమే.

ఎలా గుర్తుపట్టింది?

ట్రాయ్ యుద్ధానికి పోయిన ఒడిస్సియస్ 20 ఏళ్లకు బిచ్చగాడి వేషంలో తన ఇంటికే వచ్చాడు. అతను చనిపోయాడనుకొని, అతని భార్య పెనెలోపిని పెళ్లాడాలని 108 మంది ఆ ఇంట్లో తిష్ఠ వేసి ఉన్నారు. పెనెలోపి కూడా భర్తను పోల్చుకోలేదు. అతిథి కాళ్లు కడగమని దాదికి చెప్పింది. కడుగుతుంటే మోకాలి పైన ఒక మచ్చ చేతికి తగిలింది. చిన్నతనంలో పర్నాసస్ కొండ మీద వేటాడేటప్పుడు అడవిపంది కోరతో చీల్చిన గాయం అది. అంతే! ఆమె చేతిలోని కాలు జారి కంచు పాత్రకు తగిలింది. నీళ్లన్నీ ఒలికిపోయాయి.

ఆలోచించవలసిన సంగతి

ఒడిస్సియస్ వెంటనే ఆమె గొంతు పట్టుకున్నాడు. బయటకు చెబితే నిన్నూ చంపుతానన్నాడు. పాలిచ్చిన తల్లిలాంటి మనిషితో అనే మాటేనా ఇది? ఆమె మాత్రం రాయిలాగా, ఇనుములాగా ఉంటానని మాటిచ్చింది, నిలబెట్టుకుంది. ఇది గొప్ప సంగతే.

కానీ కథ అక్కడితో అయిపోలేదు. ఒడిస్సియస్ ఆ 108 మందినీ చంపాక, ఇంట్లోని 50 మంది దాసీలలో 12 మంది ద్రోహం చేశారని యురిక్లియానే చెప్పింది. ఆ 12 మందినీ ఉరితీశారు. వాళ్లూ ఆమెలాగే బానిసలు. 2017లో ఒడిస్సీని ఇంగ్లీషులోకి అనువదించిన ఎమిలీ విల్సన్ ఇలాంటి వాళ్లను పనిమనుషులు అని మెత్తగా అనకుండా బానిసలు అనే రాశారు. అలా చదివితే ఈ కథ వేరేగా కనిపిస్తుంది.

యజమానికి నమ్మకంగా ఉంటే చాలా? తోటివాళ్ల సంగతి ఏంటి? నా మటుకు ఆమె మాట నిలబెట్టుకోవడం నచ్చింది, ఆ 12 మందిని చూపించడం నచ్చలేదు. మీరేమంటారు? తోటి విద్యార్థులు, వార్డెన్ సార్లు కూడా కాగితం మీద రాసి ఇస్తే వచ్చే సంచికలో అంటిస్తాం.