అరగంటలో రాత్రి పలహారం: గ్లూటెన్ లేని వంట వెనుక విజ్ఞానం

శనివారం రాత్రి అన్నం మానేసి పలహారం చేసే అలవాటు చాలా తెలుగు ఇళ్లలో ఉంది. మధుమేహం ఉన్నవారిలో చాలామంది రోజూ రాత్రి అన్నం బదులు చపాతీ తింటారు. పలహారం అనగానే గుర్తొచ్చే బొంబాయి రవ్వ ఉప్మా, చపాతీ, పూరీ, సేమ్యా అన్నీ గోధుమతో చేసేవే. ఇంట్లో ఒకరికి గోధుమ పడదని వైద్యులు చెప్పిన రోజు నుంచి రాత్రి వంట ఒక సమస్యగా మారుతుంది. గోధుమలో ఏముందో, అది లేకుండా ఏ వంట కుదురుతుందో, ఏది కుదరదో తెలిస్తే ఈ సమస్య చాలావరకు తేలికవుతుంది.

గ్లూటెన్ అంటే ఏమిటి?

గోధుమ గింజలో గ్లియాడిన్, గ్లూటెనిన్ అనే రెండు రకాల ప్రొటీన్లు ఉంటాయి. పిండిలో నీళ్లు పోసి పిసికినప్పుడు ఇవి ఒకదానితో ఒకటి ముడిపడి సాగే గుణమున్న వల లాగా ఏర్పడతాయి. ఈ వలనే గ్లూటెన్ అంటారు. చపాతీ ముద్ద చిరగకుండా పల్చగా సాగడానికి, పుల్కా పొంగడానికి, రొట్టె లోపల గాలి నిలిచి మెత్తగా రావడానికి కారణం ఇదే. బార్లీలో హోర్డీన్, రై ధాన్యంలో సెకాలిన్ అనే దగ్గరి జాతి ప్రొటీన్లు ఉంటాయి. గోధుమ పడనివారికి ఇవి కూడా పడవు.

గ్లూటెన్‌ను కళ్లారా చూడాలంటే ఒక చిన్న ప్రయోగం చాలు. గుప్పెడు గోధుమపిండిని గట్టిగా కలిపి అరగంట నాననివ్వాలి. తర్వాత ఆ ముద్దను ఒక గిన్నెడు నీళ్లలో మెల్లగా పిసుకుతూ కడగాలి. నీళ్లు పాలలా తెల్లబడతాయి. అలా కొట్టుకుపోయేది పిండిపదార్థం. నీళ్లు మారుస్తూ కడిగితే చివరకు చేతిలో రబ్బరులా సాగే జిగట ముద్ద మిగులుతుంది. అందులో ఎక్కువ భాగం గ్లూటెనే. ఇటలీలోని బొలోన్యా నగరానికి చెందిన జాకొపో బెక్కారి ఇదే పద్ధతిలో గ్లూటెన్‌ను వేరుచేసిన వివరాలు 1745లో అచ్చయ్యాయి. బియ్యపు పిండితోనో జొన్నపిండితోనో ఈ ప్రయోగం చేస్తే చేతిలో ఏమీ మిగలదు. ముద్దంతా నీళ్లలో కలిసిపోతుంది.

ఎవరికి హాని?

గ్లూటెన్‌లో ప్రోలీన్, గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లాలు ఎక్కువ. అందువల్ల మన జీర్ణరసాలు దాన్ని పూర్తిగా ముక్కలు చేయలేవు. కొన్ని పొడవైన ముక్కలు అలాగే చిన్నపేగుకు చేరతాయి. ఎక్కువమందికి దీనివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. కొందరిలో మాత్రం రోగనిరోధక వ్యవస్థ ఆ ముక్కలను శత్రువులుగా భావించి దాడికి దిగుతుంది. ఆ దాడిలో చిన్నపేగు లోపలి గోడ దెబ్బతింటుంది. ఆ గోడ మీద తివాచీ నూలుపోగుల్లా ఉండే సన్నని మొలకలు అరిగి చదునవుతాయి. ఆహారంలోని పోషకాలు రక్తంలోకి చేరేది ఈ మొలకల ద్వారానే. ఈ స్థితిని సీలియాక్ వ్యాధి అంటారు.

కడుపు ఉబ్బరం, విరేచనాలు ఈ వ్యాధి లక్షణాలే అయినా అందరిలోనూ అవి కనిపించవు. ఎన్ని మాత్రలు వాడినా తగ్గని రక్తహీనత, వయసుకు తగినట్టు ఎదగని పిల్లలు, బలహీనపడిన ఎముకలు కూడా దీనికి సూచనలు కావచ్చు. ఇనుము ఎక్కువగా గ్రహించేది చిన్నపేగు మొదటి భాగమే. ఈ వ్యాధిలో ముందుగా దెబ్బతినేదీ అదే. టైప్ 1 మధుమేహం ఉన్నవారిలో సీలియాక్ వ్యాధి వచ్చే అవకాశం ఇతరులకంటే ఎక్కువ.

ఆహారానికీ ఈ వ్యాధికీ ఉన్న సంబంధాన్ని నిరూపించింది నెదర్లాండ్స్‌కు చెందిన పిల్లల వైద్యుడు విల్లెమ్ కారెల్ డికె. గోధుమ మీద ఆయనకు ముందునుంచే అనుమానం ఉండేది. 1944-45 చలికాలంలో యుద్ధం వల్ల ఆ దేశంలో రొట్టెకు తీవ్రమైన కరువు వచ్చింది. జనం ఆకలితో అలమటిస్తున్న ఆ రోజుల్లో ఈ వ్యాధి ఉన్న పిల్లలు మాత్రం కాస్త కోలుకున్నారు. రొట్టె మళ్లీ దొరకడం మొదలవగానే వారి జబ్బు తిరగబెట్టింది. ఆయన తన పరిశోధనను 1950లో సిద్ధాంత గ్రంథంగా సమర్పించారు.

మన దేశంలో గోధుమ ఎక్కువగా తినే ఉత్తరాది ప్రాంతాల్లో సుమారు వందలో ఒకరికి ఈ వ్యాధి ఉన్నట్టు అధ్యయనాలు తేల్చాయి. దక్షిణాదిలో ఇది బాగా తక్కువ. అయితే ఈ వ్యాధికి అవకాశం కలిగించే జన్యువులు రెండు ప్రాంతాల్లోనూ దాదాపు ఒకే స్థాయిలో కనిపించాయి. తిండిలో గోధుమ వాటాలో ఉన్న తేడా ఇందుకు ఒక కారణమని పరిశోధకులు భావిస్తున్నారు. బియ్యం తినే ఇళ్లలోకి రాత్రిపూట గోధుమ వస్తున్న ఈ రోజుల్లో ఇది గమనించదగ్గ విషయం.

పరీక్షకు ముందు మానకూడదు

గోధుమ పడటం లేదన్న అనుమానం రాగానే చాలామంది ముందు దాన్ని మానేస్తారు, తర్వాత వైద్యుల దగ్గరకు వెళ్తారు. ఇది పొరపాటు. సీలియాక్ వ్యాధిని గుర్తించడానికి ముందుగా టీటీజీ అనే రక్తపరీక్ష చేస్తారు. అవసరమైతే చిన్నపేగు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. గోధుమ మానేస్తే రక్తంలోని ప్రతిదేహాలు క్రమంగా తగ్గిపోతాయి, పేగు కూడా మానుతూ వస్తుంది. అప్పుడు జబ్బు ఉన్నా పరీక్షలో లేనట్టే రావచ్చు. అందుకే పరీక్షలు పూర్తయ్యేవరకు మామూలు తిండే తినాలి. వ్యాధి ఉందని తేలితే గ్లూటెన్‌ను జీవితాంతం మానాలి. ప్రస్తుతానికి దీనికి ఉన్న చికిత్స అదొక్కటే.

గోధుమ అలర్జీ దీనికంటే వేరు. ఈ రెండూ లేకుండానే గోధుమ తింటే కడుపు ఉబ్బరించేవారూ ఉంటారు. వీరిలో కొందరికి ఇబ్బంది గ్లూటెన్ వల్ల కాక గోధుమలోని ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థాల వల్ల కలుగుతుంది. ఏ ఇబ్బందీ లేనివారు గ్లూటెన్ మానడం వల్ల ప్రత్యేకమైన లాభమేమీ లేదు.

‘తక్కువ’ వేరు, ‘లేని’ వేరు

భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ నిబంధనల ప్రకారం కిలో ఆహారంలో 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ లేకపోతేనే దాన్ని గ్లూటెన్ రహితమని అమ్మాలి. 20 నుంచి 100 మిల్లీగ్రాముల వరకు ఉంటే అది తక్కువ గ్లూటెన్ ఉన్న ఆహారం. కడుపు ఉబ్బరం వల్ల గోధుమ తగ్గించుకోవాలనుకునేవారికి ఈ రెండో రకం సరిపోవచ్చు. సీలియాక్ వ్యాధి ఉన్నవారికి సరిపోదు.

ఎందుకో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. గోధుమపిండిలో ప్రొటీన్ సుమారు పదో వంతు. అందులో దాదాపు 80 శాతం గ్లూటెన్. అంటే ఒక గ్రాము పిండిలో సుమారు 80 మిల్లీగ్రాముల గ్లూటెన్ ఉంటుంది. సీలియాక్ వ్యాధి ఉన్నవారిపై ఇటలీలో జరిగి 2007లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో రోజుకు 50 మిల్లీగ్రాముల చొప్పున మూడు నెలలు తీసుకున్నా పేగుకు నష్టం కలుగుతుందని తేలింది. చపాతీల పీటకు, అప్పడాల కర్రకు అంటుకుని మిగిలే పిండి కూడా ఈ లెక్కలోకి వస్తుంది.

చపాతీని అనుకరించనక్కర్లేదు

గోధుమ మానగానే చాలామంది గ్లూటెన్ లేని పిండితో చపాతీ చేయాలని చూస్తారు. అది విరుగుతుంది, గట్టిపడుతుంది. చపాతీ ఆధారపడేదే గ్లూటెన్ వల మీద కాబట్టి ఇందులో ఆశ్చర్యం లేదు. మొదటినుంచీ గ్లూటెన్‌తో పని లేని వంటలను ఎంచుకోవడం మేలు. అలాంటివి తెలుగు వంటలో కొల్లలు. పెసరట్టు, ఇడ్లీ, దిబ్బరొట్టె, జొన్నరొట్టె, రాగి సంకటి, ఉప్పుడు పిండి అన్నీ ఈ కోవలోవే.

జొన్నరొట్టెకు పిండిని మరిగే నీళ్లతో కలపడంలో కూడా విజ్ఞానం ఉంది. ఆ వేడికి జొన్నలోని పిండిపదార్థపు రేణువుల్లో కొంత భాగం నీటిని పీల్చి, ఉబ్బి, జిగురుగా మారుతుంది. గ్లూటెన్ చేయాల్సిన పనిని ఆ జిగురే చేస్తుంది. దానికి వలలా సాగే గుణం లేదు కాబట్టి రొట్టెను కర్రతో సాగదీయకుండా చేత్తో తట్టి చేస్తారు.

అరగంటలో ఉప్పుడు పిండి

ముగ్గురికి సరిపడా కొలత ఇది. బియ్యపు రవ్వ ఒక గ్లాసు, అంటే సుమారు 150 గ్రాములు. పెసరపప్పు పావు గ్లాసు. సన్నగా తరిగిన క్యారెట్, బీన్స్ ఒక గ్లాసు. నీళ్లు రెండుంపావు గ్లాసులు. నూనె రెండు చెంచాలు. పోపుకు ఆవాలు, జీలకర్ర, శనగపప్పు, మినపప్పు, పచ్చిమిర్చి, అల్లం, కరివేపాకు. తగినంత ఉప్పు, ఒక నిమ్మకాయ.

1. ముందుగా పెసరపప్పు కడిగి నానబెట్టాలి. కూరగాయలు తరిగేలోపు పావుగంట గడుస్తుంది, అది చాలు. నానిన పప్పు రవ్వతో పాటే ఉడుకుతుంది.

2. మందపాటి గిన్నెలో నూనె వేడిచేసి పోపు వేయాలి. శనగపప్పు ఎర్రబడ్డాక అల్లం, మిర్చి, కరివేపాకు, కూరగాయలు వేసి రెండు నిమిషాలు వేయించాలి.

3. నీళ్లు పోసి, ఉప్పు, నానిన పప్పు వేసి మరిగించాలి. నీళ్లు తెర్లుతున్నప్పుడే రవ్వ పోస్తూ కలపాలి. మరిగే నీటిలో ప్రతి రవ్వగింజా విడివిడిగా వేడెక్కి ఉబ్బుతుంది కాబట్టి ఉండలు కట్టదు.

4. సెగ బాగా తగ్గించి, మూతపెట్టి పది పన్నెండు నిమిషాలు మగ్గనివ్వాలి. మధ్యలో ఒకసారి కలిపితే చాలు. పొయ్యి ఆపాక మరో ఐదు నిమిషాలు మూత తీయకూడదు. మిగిలిన ఆవిరి రవ్వలోకి ఇంకి పలుకు లేకుండా మెత్తబడుతుంది. అడుగున కట్టే ఎర్రటి పొర కమ్మగా ఉంటుంది. వేడికి అమైనో ఆమ్లాలు, చక్కెరలు కలవడం వల్ల వచ్చే రుచి అది.

5. దించాక నిమ్మరసం పిండి, పెరుగుతోనో వంకాయ పచ్చడితోనో వడ్డించాలి.

పప్పు, నిమ్మకాయ రుచి కోసమే కాదు. ఒక గ్లాసు బియ్యపు రవ్వలో సుమారు 11 గ్రాముల ప్రొటీన్ ఉంటే, పావు గ్లాసు పెసరపప్పు మరో 10 గ్రాములు కలుపుతుంది. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లం పప్పులో ఎక్కువ. పప్పులో తక్కువగా ఉండే మెథియొనిన్‌ను బియ్యం అందిస్తుంది. గోధుమ మానినవారికి పీచు తగ్గే అవకాశం ఉంది. ఆ లోటును కూరగాయలు కొంత పూడుస్తాయి. నిమ్మరసంలోని విటమిన్ సి మొక్కల నుంచి వచ్చే ఇనుమును శరీరం బాగా గ్రహించేలా చేస్తుంది.

గ్లూటెన్ లేనంత మాత్రాన ఈ వంట మధుమేహానికి మంచిదని అనుకోకూడదు. బియ్యపు రవ్వ కూడా రక్తంలో చక్కెరను పెంచుతుంది. అలాంటివారు జొన్న రవ్వ లేదా కొర్ర రవ్వ వాడి, కూరగాయలు పెంచి, వడ్డించే పరిమాణం తగ్గించుకోవడం మేలు. జొన్న రవ్వకు నీళ్లు, సమయం కొంచెం ఎక్కువ పడతాయి.

కంటికి కనబడని గోధుమ

పై జాబితాలో ఇంగువ లేకపోవడానికి కారణం ఉంది. అంగట్లో దొరికే ఇంగువపొడి చాలావరకు అసలు ఇంగువ జిగురుకు గోధుమపిండి లేదా మైదా, గమ్ కలిపి తయారుచేసిందే. బియ్యపు పిండి కలిపిన రకాలు కూడా వస్తున్నాయి. డబ్బా మీది పదార్థాల జాబితా చదివి కొనాలి. ప్యాకెట్ ఆహారాల్లో గ్లూటెన్ ఉన్న ధాన్యాలు వాడితే ఆ సంగతి లేబుల్‌పై తెలపడం తప్పనిసరి.

సోయా సాస్‌లో సాధారణంగా గోధుమ ఉంటుంది. మాల్టు పానీయాలు బార్లీతో చేస్తారు. రవ్వ దోసెలో బొంబాయి రవ్వ, తరచూ మైదా ఉంటాయి. పెసరట్టులో గ్లూటెన్ లేకపోయినా, దాని లోపల పెట్టే ఉప్మా సాధారణంగా గోధుమ రవ్వతోనే చేస్తారు. ఓట్స్ సాగులోనూ రవాణాలోనూ గోధుమతో కలిసిపోవడం ఎక్కువ కాబట్టి గ్లూటెన్ రహితమని ముద్ర ఉన్నవే తీసుకోవాలి.

పిండి మర మరో ముఖ్యమైన చోటు. గోధుమలు ఆడిన మరలోనే జొన్నలు ఆడిస్తే గోధుమపిండి అందులో కలుస్తుంది. బియ్యపు రవ్వను ఇంట్లోనే మిక్సీలో పట్టి, మెత్తటి పిండిని జల్లెడ పట్టుకుంటే ఈ ఇబ్బంది ఉండదు. పూరీలు వేయించిన నూనెను మళ్లీ వాడకూడదు. చపాతీ పెనం, జల్లెడ, చెక్క అట్లకాడ వేరుగా ఉంచాలి. చెక్క పగుళ్లలో ఇరుక్కున్న పిండి కడిగినా పూర్తిగా పోదు.

ఇంట్లో ఒక్కరికే గోధుమ పడకపోయినా రాత్రి పలహారం అందరికీ ఇదే వండితే వేర్వేరు గిన్నెలు, గరిటెలు అక్కర్లేదు. పొరపాటున గోధుమ కలిసే అవకాశమూ తగ్గుతుంది. ముఖ్యంగా ఆ ఒక్కరు చిన్నపిల్లలైతే, అందరి కంచాల్లో ఉన్నదే తమ కంచంలోనూ ఉండటం వారికి పథ్యాన్ని తేలిక చేస్తుంది.