చీటీ తీసి పంచడం: పొలం నుంచి బడి దాకా

చిరంజీవికి,

పరీక్షించదలచిన ఎరువో మందో ఎవరి వంతుకు రావాలన్నది పరిశోధకుడు తేల్చకుండా చీటీకి వదిలేయడమే యాదృచ్ఛిక కేటాయింపు. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1919లో చేరిన రొనాల్డ్ ఫిషర్ దీనికి శాస్త్రరూపం ఇచ్చాడు. ఒకే చేనులో ఒక మూల సారం ఎక్కువ, ఇంకో మూల నీరు నిలుస్తుంది. బాగున్న మడి చూసి కొత్త ఎరువు వేస్తే, పెరిగిన దిగుబడి ఎరువుదో నేలదో తేలదు. చీటీ తీసి ఒక్కో ఎరువునూ పలు మడుల్లో వేస్తే నేల తేడాలన్నీ ఒకే పక్షాన చేరే అవకాశం తగ్గుతుంది. ఎంత తేడా కాకతాళీయంగా రావచ్చో లెక్క కట్టడమూ వీలవుతుంది.

ఈ పద్ధతి ఆసుపత్రికి చేరాక మారక తప్పలేదు. తనలో ఏం వేశారో మడికి తెలియదు; మనుషులకు తెలుస్తుంది. బ్రిటన్‌లో క్షయకు స్ట్రెప్టోమైసిన్‌ను పరీక్షించినప్పుడు గణాంక శాస్త్రవేత్త బ్రాడ్‌ఫర్డ్ హిల్ జాగ్రత్తపడింది ఇక్కడే. రోగిని పరీక్షలో చేర్చుకున్న తర్వాతే సీలు వేసిన కవరు విప్పి, అతను ఏ బృందమో చూసేవారు. కోలుకునేలా కనిపించినవాణ్ని మందు వైపు నెట్టే వీలు అలా పోయింది. ఎక్స్‌రేలు చూసినవారికీ అవి ఏ బృందానివో చెప్పలేదు. ఆరు నెలల్లో మందు తీసుకున్న 55 మందిలో నలుగురు, మంచాన విశ్రాంతి మాత్రమే తీసుకున్న 52 మందిలో 14 మంది మరణించారని 1948లో ప్రకటించారు. అప్పట్లో ఆ మందు అందరికీ చాలేది కాదు. కొందరికి ఇవ్వకపోవడాన్ని సమర్థించిన కారణం అదే.

1956లో మద్రాసులో మొదలైన అధ్యయనానిది వేరే ప్రశ్న. అవే మందులు ఇస్తూ కొందరు క్షయరోగులను ఇళ్లలోనే ఉంచారు, కొందరిని శానటోరియానికి పంపారు. నిర్ణయించింది చీటీయే. ఇంటి దగ్గర చికిత్స ఏమాత్రం తీసిపోలేదని తేలింది. పడకలు చాలని దేశాలకు ఇది పెద్ద కబురే.

బడి దగ్గర చిక్కు ఇంకోలా ఉంటుంది. పిల్లలు నేర్చుకున్నదాన్ని బట్టి ఉపాధ్యాయులకు బోనస్ ఇస్తే ఏమవుతుందో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రభుత్వ పాఠశాలల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ పరీక్షించారు. అక్కడ చీటీ తీసింది పిల్లలకు కాదు, బడులకు. ఒకే పంతులు చెప్పే తరగతిని రెండుగా చీల్చలేరు కదా. అయితే అలాంటప్పుడు ఒక బడిలో 100 మందిని కొలిచినా 100 వేర్వేరు సాక్ష్యాలు దొరకవు. వాళ్ల చదువు ఒకే చేతి మీదుగా సాగుతుంది. అందుకే బడుల సంఖ్య పెంచాలి. కొత్తగా ఈ రంగంలోకి వచ్చేవారు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఈ లెక్కలోనే.

హైదరాబాద్ బస్తీల్లో సూక్ష్మరుణాలపై జరిగిన అధ్యయనంలో 104 బస్తీల్లో సగాన్ని చీటీతో ఎంచి, ఒక సంస్థ వాటిలో ముందుగా శాఖలు తెరిచింది. ఈలోగా వేరే సంస్థలు మిగతా బస్తీల్లోనూ అప్పులివ్వసాగాయి. మడికి గట్టు వేయవచ్చు, బస్తీకి వేయలేరు. దాంతో ఆ పోలిక అప్పు ఉన్నచోటుకూ లేనిచోటుకూ కాక, ఎక్కువ ఉన్నచోటుకూ తక్కువ ఉన్నచోటుకూ మధ్య పోలికగా మిగిలింది. ఫలితాలను చదివేవారు దీన్ని మరవకూడదు.

చీటీ అసలే పనికిరాని ప్రశ్నలూ ఉన్నాయి. సిగరెట్టు క్యాన్సర్ తెస్తుందా అని చూడటానికి ఎవరిచేతా పొగ తాగించలేరు. అందుకే అదే హిల్, రిచర్డ్ డాల్‌తో కలిసి, ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల అలవాట్లను ఇతర రోగుల అలవాట్లతో పోల్చి 1950లో ఫలితాలు ప్రచురించాడు. 1951 నుంచి ఇద్దరూ బ్రిటిష్ డాక్టర్ల పొగతాగే అలవాటును నమోదు చేసి, వారి మరణాలను ఏళ్ల తరబడి గమనించారు. చీటీకి శాస్త్రరూపమిచ్చిన ఫిషర్ మాత్రం ఈ సాక్ష్యం చాలదని చివరిదాకా వాదించాడు. ఆయన పైపు తాగేవాడు.

ఆశీస్సులతో,
మామయ్య