కెర్నెల్‌కు వోల్టేజి హద్దులు

ఇండ్లలో ఫ్రిజ్ ప్రక్కన నుండు స్టెబిలైజరు చేయు పని మనకందరకును తెలిసినదే. కంప్యూటరు, సెల్‌ఫోను బోర్డులపై అట్టి పనినే అతి చిన్న వోల్టేజి రెగ్యులేటర్లు చేయుచున్నవి. అయితే వీటిలో పెక్కింటిని ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలమైన కెర్నెల్ తానే మార్చగలదు. ఆ అధికారమునకు హద్దు లెవరు నిర్ణయింతురో లైనక్స్ కెర్నెల్ ఉదాహరణముగా పరిశీలింతము.

ముందు, వోల్టేజిని మార్చుట ఎందులకు? ప్రాసెసరులోని స్విచ్చింగు వలన వ్యయమగు విద్యుత్తు పౌనఃపున్యమునకును, వోల్టేజి వర్గమునకును అనులోమానుపాతములో నుండును. పౌనఃపున్యము మారకుండ 1.2 వోల్టులను 0.9కి తగ్గించినచో ఆ వ్యయము సుమారు 56 శాతమునకు దిగును. కావున పని తక్కువైనపుడు కెర్నెల్ మొదట పౌనఃపున్యమును, పిదప వోల్టేజిని తగ్గించును. పని పెరిగినపుడు మొదట వోల్టేజిని, పిదప పౌనఃపున్యమును పెంచును. ఈ క్రమము తప్పినచో ప్రాసెసరు చాలని వోల్టేజిపై పరుగెత్తి తప్పులు చేయును.

ఇక ప్రమాదము సంగతి. ఒక రెగ్యులేటరు 0.8 నుండి 3.3 వోల్టుల వరకు ఈయగలదనుకొందము. దానికి 1.8 వోల్టుల చిప్ కలిపియున్నచో 3.3 వోల్టులు ఆ చిప్‌ను పాడుచేయవచ్చును. రెగ్యులేటరు ఎంత ఈయగలదో డ్రైవరుకు తెలియును. ఎంత ఈయవచ్చునో బోర్డు నిర్మాతకే తెలియును. ఈ రెండవ జ్ఞానమును కెర్నెల్‌కు అందించుటయే హార్డ్‌వేర్ వర్ణన.

2008లో వెలువడిన లైనక్స్ 2.6.27లో రెగ్యులేటరు వ్యవస్థ చేరినది. నేడు అనేక ఆర్మ్ బోర్డులలో ఈ వర్ణనను డివైస్ ట్రీ అను పత్రములో వ్రాయుదురు. అందులో కనిష్ఠ, గరిష్ఠ వోల్టేజిలను మైక్రోవోల్టులలో తెలుపవలెను, 1.8 వోల్టులనగా 1800000. ఈ రెండును సమానమైనచో కెర్నెల్ ఆ విలువనే నిలుపును. భిన్నమైనచో ఆ మధ్యనే మార్పును అనుమతించును. ఒకే రెగ్యులేటరుపై పలు పరికరములున్నచో అన్నింటికిని సరిపడు విలువనే ఎన్నుకొనును.

మరి రెండు గుర్తులు గమనింపదగినవి. ‘బూట్ ఆన్’ అనగా యంత్రము మొదలగునప్పటికే వెలిగియున్నదని అర్థము. ‘ఆల్వేస్ ఆన్’ అనగా ఎన్నడును ఆర్పరాదని అర్థము. ఏ డ్రైవరును కోరని రెగ్యులేటరును కెర్నెల్ బూట్ ముగిసిన పిదప ఆర్పివేయును. మెమొరీకి విద్యుత్తునిచ్చు రెగ్యులేటరుకు మొదటి గుర్తు మాత్రమే వ్రాసి రెండవది మరచినచో, చక్కగా మొదలైన యంత్రము కొలది సేపటిలో స్తంభించును.

1800000 బదులు 3300000 అని వ్రాసినను పత్రము వ్యాకరణరీత్యా శుద్ధముగనే యుండును, కంపైలరు ఆక్షేపింపదు. కెర్నెల్‌కు కన్నులు లేవు, మన వ్రాతయే దాని చూపు. కావున ప్రతి అంకెను చిప్ డేటాషీటుతోను, బోర్డు సర్క్యూట్ పటముతోను సరిచూచి వ్రాయుట విద్యార్థులమైన మనము తొలినాటి నుండియే అలవరచుకొనదగిన నియమము.